రొయ్యకు రెండు తూకాలు

మిరుగు నాడు చేప వండని ఇల్లు వరంగల్‌లో తక్కువ. జూన్ మొదటి వారం దాటి మృగశిర కార్తె రాగానే చేపల మార్కెట్లో తెల్లవారకముందే అడుగు పెట్టే సందు ఉండదు. కొనేవాళ్లు మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు, వేలితో నొక్కి గట్టిదనం చూస్తారు. ఆ తర్వాత అడిగేది ఒక్కటే: "చెరువు చేపనా, ఆంధ్ర చేపనా?" చెరువు చేప అంటే పాకాలలోనో, రామప్పలోనో, లక్నవరంలోనో, పేరు ఎవరికీ తెలియని ఏదో ఊరి కుంటలోనో వల వేసి తెచ్చింది. ఆంధ్ర చేప అంటే కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు నుంచి థర్మాకోల్ పెట్టెల్లో, ఐసు మధ్య లారీలో వచ్చింది. మొదటిదానికి కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ ఇవ్వడానికి మనవాళ్లు వెనకాడరు. అయితే అమ్మేవాళ్లు చెప్పిన మాట నిజమో కాదో తేల్చుకునే దారి కొనేవాళ్లకు లేదు.

అదే భీమవరం నుంచి రెఫ్రిజిరేటర్ లారీలు కాకినాడ, విశాఖ రేవుల వైపు కూడా వెళ్తుంటాయి. వాటిలో ఉండేది గడ్డకట్టించిన వెనామీ రొయ్య. 2024-25లో మన దేశం ఎగుమతి చేసిన సముద్ర ఉత్పత్తులు దాదాపు 17 లక్షల టన్నులు, విలువ రూ. 62 వేల కోట్లకు పైనే. అందులో మూడింట రెండొంతులకు మించిన డబ్బు గడ్డకట్టించిన రొయ్యలదే. ఆ రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో పెరిగినవి, ఎక్కువగా కొన్నది అమెరికా. అక్కడి సూపర్ మార్కెట్ తరఫున కొనేవాళ్లు మొప్పలు చూడరు, కాగితాలు చూస్తారు. ఏ చెరువు, ఏ హేచరీ పిల్ల, ఏ కంపెనీ మేత, పట్టుబడికి ముందు ఏ ల్యాబ్‌లో పరీక్ష జరిగింది, వలిచిన కూలీ వయసెంత, ఓవర్‌టైమ్ డబ్బు ఇచ్చారా అని అడుగుతారు. రొయ్యల కంపెనీలు తమ నివేదికల్లో సుస్థిరత, సామాజిక బాధ్యత అని రాసుకునేదాంట్లో చాలా భాగం ఈ ప్రశ్నలకు తయారుచేసిన జవాబే. అడిగిన చోట బాధ్యత ఉంటుంది, అడగని చోట పలచబడుతుంది. ఇది నిందగా అనడం లేదు. ఈ వ్యాపారం నడిచే తీరే అది.

పిల్ల దగ్గర నుంచి మొదలుపెడదాం. వెనామీ మన రొయ్య కాదు. దాని పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరం. మనవాళ్లు మొదట పెంచింది టైగర్ రొయ్యను. 1994-95లో నెల్లూరు చెరువుల్లో తెల్లమచ్చ వైరస్ దిగి ఆ సాగును కుప్పకూల్చింది. చాలా ఏళ్లు తంటాలు పడ్డాక, 2009లో కేంద్రం వెనామీకి అనుమతి ఇచ్చింది. ఫలానా రోగక్రిములు లేవని నిర్ధారించిన తల్లి రొయ్యలనే విదేశాల నుంచి తెప్పించాలి, చెన్నై దగ్గర నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాకే హేచరీలకు ఇవ్వాలి అన్నది షరతు. చెరువులో చదరపు మీటరుకు 60 పిల్లలకు మించి వదలకూడదన్నది మరో షరతు. సుస్థిరత నివేదికల కోసం కాదు, దెబ్బ తిన్న పరిశ్రమ ప్రాణం కాపాడటానికి రాసిన నియమాలివి.

హేచరీలో జరిగే ఒక పని గురించి రొయ్య తినేవాళ్లలో చాలామందికి తెలియదు. నిర్బంధంలో ఉన్న ఆడ రొయ్య సులువుగా గుడ్లు పెట్టదు. దాని కంటి కాడలో ఒక గ్రంథి ఉంటుంది. అది అండాశయం పక్వం కాకుండా అడ్డుకునే హార్మోన్‌ను వదులుతుంది. ఒక కంటి కాడను నలిపివేస్తే ఆ అడ్డు సగం తొలగి, రొయ్య కొన్ని రోజుల్లోనే గుడ్లకు వస్తుంది. ప్రపంచమంతటా దశాబ్దాలుగా ఇలాగే నడిచింది. ఇప్పుడు బ్రిటన్‌లోని కొన్ని సూపర్ మార్కెట్లు కాడ నలపని తల్లుల పిల్లలే కావాలంటున్నాయి. మంచి మేత, సరైన ఆడ-మగ నిష్పత్తి, ఎంపిక చేసిన వంశం ఉంటే ఆ పని లేకుండానే పిల్లలను తీయవచ్చని ప్రయోగాలు చూపాయి. అలా పుట్టిన పిల్లలు రోగాలను కాస్త మెరుగ్గా తట్టుకున్నట్టు కూడా కొన్ని పరిశోధనల్లో తేలింది. రొయ్య నొప్పి గురించి లండన్‌లో ఎవరో పట్టించుకున్నందువల్ల కోనసీమ హేచరీలో పద్ధతి మారవచ్చు. వింతగా ఉన్నా ఈ వ్యాపారంలో మార్పు వచ్చే దారి అదే.

ఇక చెరువు. కిలో వెనామీ పెరగడానికి సుమారు ఒకటిన్నర కిలోల మేత కావాలనుకుందాం. బాగా చూసుకునే రైతుకు ఇంతకన్నా తక్కువే పడుతుంది. మేతలో 35 శాతం మాంసకృత్తులు, మాంసకృత్తుల్లో 16 శాతం నత్రజని. అంటే కిలో రొయ్య కోసం చెరువులో పడే నత్రజని దాదాపు 84 గ్రాములు. పట్టుబడి రోజు రొయ్య ఒంట్లో బయటికి వెళ్లేది 30 గ్రాముల లోపే. మిగిలిన 55 గ్రాములు చెరువులోనే ఉంటాయి, కొంత అమ్మోనియాగా, కొంత అడుగు బురదగా, కొంత నాచుగా. విస్తీర్ణం లెక్కకు వస్తే, హెక్టారుకు ఐదు టన్నుల పంట తీసిన చెరువులో ఇలా మిగిలేది 275 కిలోలు. యూరియా లెక్కన పదమూడు బస్తాలు. అదే హెక్టారులో వరి వేస్తే పంట మొత్తానికి సిఫారసు చేసే నత్రజని ఇంతకన్నా బాగా తక్కువ.

చెరువులో తిరిగే ఏరేటర్ చక్రాలు ఉన్నది ఇందుకే. పగలు నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకు పడుతుంది. రైతు భాషలో "డీవో పడిపోయింది" అంటే ఆ వేళ కరెంటు పోయి, జనరేటర్ అందుకోలేదని అర్థం. గంటలో పంటంతా తేలిపోతుంది. అందుకే ఆక్వా రైతులకు యూనిట్ రూపాయిన్నర కరెంటు అన్నది ఆంధ్రలో ఎన్నికల హామీ అవుతుంది. ఒక రొయ్య వెనక ఎంత బొగ్గు కాలిందో లెక్క కట్టేవాళ్లకు మేత తర్వాత కనిపించే పెద్ద పద్దు ఈ చక్రాలే.

మేత మరో పెద్ద కథ. హైదరాబాద్ నుంచి నడిచే అవంతి ఫీడ్స్ దేశంలోని అతిపెద్ద రొయ్యల మేత కంపెనీల్లో ఒకటి. 1993లో మొదలైంది. గోదావరి గట్టున కొవ్వూరులో దాని మేత కర్మాగారం ఉంది. థాయిలాండ్ దిగ్గజం థాయ్ యూనియన్ అందులో పెద్ద వాటాదారు. ఇలాంటి కంపెనీలు ఎదుర్కొనే ప్రశ్న ఏమిటంటే, రొయ్యను పెంచడానికి సముద్రంలోని కవళ్లను, చిన్న చేపలను పొడి కొట్టి వేస్తుంటే, పెంపకం సముద్రానికి మేలు చేసినట్టా, కీడు చేసినట్టా? దీనికి జవాబుగా చేపపొడి పాలు తగ్గించి సోయా పిండి పెంచుతూ వచ్చారు. సోయాకు నేల కావాలి, ఆ నేల ఎక్కడిది అన్నది తర్వాతి ప్రశ్న. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలు ఇప్పుడు మేత మిల్లును కూడా విడిగా తనిఖీ చేస్తున్నాయి. బీఏపీ అనే అమెరికా ముద్రలో నాలుగు నక్షత్రాలు ఉంటాయి: హేచరీ, మేత మిల్లు, చెరువు, ప్రాసెసింగ్ ప్లాంటు. నాలుగూ నెగ్గితేనే నాలుగు నక్షత్రాలు. 2010లో నెదర్లాండ్స్‌లో పుట్టిన ఏఎస్‌సీ ముద్రకు నియమాలు ఇంకా కఠినం. 1999 మే తర్వాత మడ అడవి నరికి తవ్విన చెరువుకు దాని గడప తొక్కే అవకాశం లేదు.

చెరువు నీరు ఎక్కడికి పోతుందన్నది మన చట్టంలోని పెద్ద లొసుగును బయటపెడుతుంది. 1996 డిసెంబర్ 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువులను తొలగించమని తీర్పు ఇచ్చింది. ఆ దెబ్బకు దిక్కుతోచని పరిశ్రమకు కొత్త గొడుగు పట్టినట్టు 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. దాని కింద మొదట వచ్చిన మార్గదర్శకాల్లో ఐదు హెక్టార్లు, అంతకు మించిన చెరువులకే వ్యర్థజలాల శుద్ధి వ్యవస్థను తప్పనిసరి చేశారు. మన దగ్గర ఎక్కువమంది రైతులది రెండు హెక్టార్ల లోపే. ఒక్కొక్కరిని విడిగా చూస్తే మినహాయింపు న్యాయమే. కానీ వందమంది చిన్న రైతుల నీరు ఒకే డ్రెయిన్‌లో కలిస్తే అది ఒక పెద్ద చెరువు నీరే, మినహాయింపు మాత్రం వందమందికీ దక్కింది. ఆ డ్రెయిన్ నీరే కింది రైతు మోటారు పెట్టి తన చెరువులోకి ఎక్కించుకుంటాడు. వైరస్ కూడా ఆ నీటితోనే వెళ్తుంది.

ఈ ముడిని విప్పడానికి 2000 తర్వాత మొదటి ఏళ్లలో పశ్చిమ గోదావరి జిల్లా మొగల్తూరులో ఒక ప్రయత్నం జరిగింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ ఎంపెడా, ఆసియా పసిఫిక్ ఆక్వాకల్చర్ సంస్థ కలిసి పక్కపక్క రైతులను ఆక్వా క్లబ్బుగా కూర్చోబెట్టాయి. అందరూ ఒకేసారి పిల్ల వదలాలి, పరీక్షించిన పిల్లనే కొనాలి, ఒకరి చెరువులో తెగులు వస్తే దాచకుండా చెప్పాలి, ఆ నీటిని కాలువలోకి వదలకూడదు. కొత్త యంత్రమేమీ లేదు, మాట మీద నిలబడటమే. అది పని చేసింది. దాని కొనసాగింపుగా 2007లో నాక్సా అనే జాతీయ కేంద్రం పుట్టింది, దాని ప్రధాన కార్యాలయం కాకినాడలో పెట్టారు.

అదే మొగల్తూరు మండలంలో 2017 మార్చి 30న ఒక రొయ్యల ప్రాసెసింగ్ కర్మాగారంలో వ్యర్థాల ట్యాంకు శుభ్రం చేయడానికి దిగిన ఐదుగురు కార్మికులు విషవాయువుకు చనిపోయారు. కుళ్లిన ప్రొటీన్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముందు వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది. అందుకే దిగినవాడికి ప్రమాదం తెలియదు, అతన్ని కాపాడబోయినవాడికీ తెలియదు. గాలి పరీక్ష మీటరు, తాడు, పైన ఒక మనిషి ఉంటే ఆ మరణాలు ఆగేవి. అప్పటికే భీమవరం దగ్గరి తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దంటూ చుట్టుపక్కల ఊళ్లు ఏళ్లుగా పోరాడుతున్నాయి. గొంతేరు కాలువలోకి వ్యర్థాలు వస్తాయన్నది వాళ్ల భయం. ఆ భయాన్ని అభివృద్ధికి అడ్డంగా చూసినవాళ్లు మొగల్తూరు తర్వాత కొంతకాలం మాట్లాడలేదు.

ఇప్పుడు యాంటీబయాటిక్ పరీక్షకు వద్దాం, ఈ వ్యవస్థ అంతటిలో సైన్సు బాగా పదును తేలిన చోటు ఇదే. హేచరీల్లో, చెరువుల్లో విబ్రియో బాక్టీరియా బెడద ఉంటుంది. వాటిపై నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ వాడటం సులువు. తెల్లమచ్చ వైరస్ మీద అవి ఏమీ చేయలేవు, అయినా భయపడిన రైతు పోస్తాడు, మందుల షాపువాడు అమ్ముతాడు. ఈ రెండు మందులనూ ఆహార జంతువులకు వాడకూడదని చాలా దేశాలు నిషేధించాయి. నైట్రోఫ్యూరాన్ కొన్ని గంటల్లోనే ఒంట్లో విరిగిపోతుంది, కాబట్టి మందును వెతికితే దొరకదు. దాని ముక్కలు మాత్రం మాంసకృత్తులకు అతుక్కుని వారాల తరబడి ఉంటాయి. ల్యాబ్‌లు వెతికేది ఆ ముక్కలనే. 2022 నవంబర్ నుంచి ఐరోపా పెట్టిన గీత కిలోకు అర మైక్రోగ్రాము. అంటే వెయ్యి టన్నుల రొయ్యల్లో అర గ్రాము ఉన్నా సరుకు వెనక్కి వస్తుంది. 2016 నుంచి మన పెంపకపు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగాన్ని ఐరోపా తన రేవుల్లో మళ్లీ పరీక్షించడం మొదలుపెట్టింది.

ఇంత పదునైన పరీక్షకు దాని తలనొప్పులు దానికున్నాయి. నైట్రోఫ్యూరాన్ ముక్కల్లో ఒకటైన సెమికార్బజైడ్ నీలకంఠ రొయ్య పెంకులో సహజంగానే ఉంటుందని తేలింది. ఏ మందూ వాడని రైతు సరుకు కూడా పెంకుతో పరీక్షిస్తే తప్పు పట్టే ప్రమాదం ఉంది. పెంకు తీసి మాంసాన్ని మాత్రమే చూడాలన్న జాగ్రత్త అలా వచ్చింది. ఇదంతా దాటడానికి ఎంపెడా భీమవరం వంటి చోట్ల ల్యాబ్‌లు పెట్టి, పట్టుబడికి ముందే నమూనా తెప్పించుకుని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తోంది. చెరువుకు నమోదు సంఖ్య ఉంటుంది, ప్రాసెసింగ్ ప్లాంటు ఆ సంఖ్య లేనిదే ఐరోపా సరుకు దించుకోదు. అమెరికా 2018 చివరి నుంచి రొయ్యల దిగుమతికి చెరువు దాకా వివరాలు అడుగుతోంది.

నియమం ఎంత పదునుగా ఉంటే మార్పు అంత త్వరగా వస్తుందని కూడా అనుకోలేం. సముద్రంలో పట్టిన రొయ్యల సంగతి చూడండి. ట్రాలర్ వలల్లో పడి తాబేళ్లు చనిపోతున్నాయని 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యలను కొనడం మానేసింది. వలలోంచి తాబేలు బయటపడే కిటికీ లాంటి పరికరాన్ని కొచ్చిలోని మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ సిఫ్ట్ తయారు చేసింది. వలకు దాన్ని బిగిస్తే రొయ్య కూడా కొంత జారిపోతుందని మత్స్యకారుల అనుమానం. పరికరం చవకే, తాబేలు కోసం తన పట్టుబడి వదులుకునేది మాత్రం పడవ మీదున్నవాడు.

కూలీ సంగతిలోనూ అంతే, సర్టిఫికెట్ల చూపు ఇక్కడికి వచ్చేసరికి మసకబారుతుంది. నత్రజనిని మీటరుతో కొలవచ్చు, అప్పును మీటరుతో కొలవలేం. ప్రాసెసింగ్ ప్లాంటులో రొయ్య తల తీసి, వలిచి, నరం లాగేది ఎక్కువగా ఆడవాళ్లే, ఉత్తరాంధ్ర నుంచీ ఒడిశా నుంచీ వచ్చినవాళ్లు చాలామంది. ఐసు నీళ్లలో గంటల తరబడి వేళ్లు. కిలో లెక్కన కూలి ఉన్నచోట చెయ్యి నెమ్మదిస్తే సంపాదన నెమ్మదిస్తుంది. తీసుకొచ్చిన మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటే, అది తీరేదాకా పని మానే వీలు లేదు. 2024 మార్చిలో షికాగోలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే సంస్థ ఆంధ్ర రొయ్యల పరిశ్రమపై ఒక నివేదిక విడుదల చేసింది. తనిఖీ పరిధిలో ఉండే పెద్ద ప్లాంటు బయట, కాగితాల్లో లేని వలుపు షెడ్లలో పని జరుగుతోందని, అప్పుల ఉచ్చు ఉందని అది చెప్పింది. పరిశ్రమ సంఘాలు దాన్ని ఖండించాయి.

థాయిలాండ్‌లో ఇదే దృశ్యం 2015లో బయటపడింది. వలుపు షెడ్లలో వెట్టిచాకిరీ గురించి అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు రాసిన కథనాల తర్వాత థాయ్ యూనియన్ బయటి షెడ్లకు పని ఇవ్వడం ఆపి, 2016 నుంచి వలుపు పనంతా తన సొంత ప్లాంట్లలోకి తెచ్చుకుంది. నాకు నచ్చిన పరిష్కారం ఇదే. గేటు లోపలికి వస్తే పని తనిఖీదారుకు కనిపిస్తుంది, కార్మిక శాఖకు కనిపిస్తుంది, తోటి కార్మికులకు కనిపిస్తుంది. ఖర్చు పెరుగుతుంది నిజమే. ఆ ఖర్చులో అమెరికా సూపర్ మార్కెట్ ఎంత భరిస్తుంది? నివేదికలన్నీ కంపెనీ వైపు వేలు చూపిస్తాయి గానీ, నైతిక నియమావళి పంపిన మెయిల్ వెనకే ధర తగ్గించమని ఇంకో మెయిల్ పంపే కొనుగోలు మేనేజర్ పేరు ఏ నివేదికలోనూ కనపడదు. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకాలు ప్రకటించగానే, అవి అమలు కాకముందే చెరువు గట్టున వంద కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్య ధర పడిపోయింది. గొలుసులో నష్టం ఎటు జారుతుందో ఆ వారం చూపించింది.

మన కంపెనీ చట్టం సామాజిక బాధ్యతను మరో రకంగా చూస్తుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ రూ. 500 కోట్లు, టర్నోవర్ రూ. 1,000 కోట్లు, నికర లాభం రూ. 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. బడికి బెంచీలు, ఊరికి మంచినీళ్ల ప్లాంటు, కంటి శిబిరం దీని కిందికి వస్తాయి. నిబంధనల్లో ఒక మెలిక ఉంది: కంపెనీ మామూలు వ్యాపారంలో భాగమైన పనులు లెక్కకు రావు, సొంత ఉద్యోగులకే మేలు చేసే పనులూ లెక్కకు రావు. దుర్వినియోగం ఆపడానికే అలా రాశారు. ఫలితం మాత్రం తమాషాగా ఉంటుంది. ఉప్పు ఇంకి బావులు చెడిన ఊళ్లో కంపెనీ మంచినీళ్ల ప్లాంటు పెడితే అది సామాజిక బాధ్యత, ఫొటోతో సహా నివేదికలో వస్తుంది. ఉప్పు ఇంకకుండా ముందే చూసుకుంటే అది ఉత్త ఖర్చు. వలిచే అమ్మాయికి చేతి తొడుగులిచ్చినా, కూలి పెంచినా అంతే.

ఈ లోటు కొంత పూడ్చడానికి సెబీ 2022-23 నుంచి స్టాక్ మార్కెట్లోని మొదటి వెయ్యి కంపెనీలు నీటి వాడకం, వ్యర్థాలు, ప్రమాదాలు, జీతాల తేడా, ఫిర్యాదులు వంటివి అంకెలతో సహా ప్రకటించాలంది. రొయ్యల వ్యాపారంలో అవంతి, కాకినాడ అపెక్స్ ఫ్రోజెన్ ఫుడ్స్, విశాఖ కోస్టల్ కార్పొరేషన్ లాంటి కొన్నే మార్కెట్లో ఉన్నవి. మిగతావి కుటుంబ కంపెనీలు, వాటికి ఆ నియమం వర్తించదు. వర్తించిన చోట కూడా సొంత గేటు లోపలి లెక్కలే గట్టిగా అడుగుతారు, రైతు చెరువు, ఏజెంటు లారీ, బయటి షెడ్డు లెక్కలు చాలావరకు కంపెనీ ఇష్టానికే వదిలేశారు. అపాయం ఎక్కువ ఉన్నది అక్కడే.

ఇక మనదాకా వచ్చే సరుకు. చట్టంలో వరంగల్ వాళ్లకూ బోస్టన్ వాళ్లకూ తేడా ఏమీ లేదు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల్లో కూడా నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ నిషేధమే. తేడా అంతా పరీక్షలో ఉంది. ఎగుమతి కంటైనర్‌ను వెనక్కి పంపేవాళ్లు ఉన్నారు, ఐసు లారీని వెనక్కి పంపేవాళ్లు లేరు. ఎప్పుడో ఒకసారి ఎవరో అడిగితే ఏమవుతుందో 2018లో చూశాం. ఆంధ్ర నుంచి వచ్చిన చేపలో, పాడవకుండా చల్లే ఫార్మాలిన్ ఆనవాళ్లు కనిపించాయంటూ ఆ జులైలో అస్సాం ప్రభుత్వం పది రోజులు చేపల రాకను ఆపేసింది. కేరళలో తనిఖీ అధికారులు వాళయార్ వంటి చెక్‌పోస్టుల దగ్గర పెట్టెలు తెరిపించారు. కైకలూరు మార్కెట్లో ధర కూలింది, రైతులు గగ్గోలు పెట్టారు, రవాణాలో ఐసు సరిపడా వేస్తున్నారా లేదా అన్న చర్చ అప్పుడు మొదలైంది. కేరళ అధికారుల చేతిలో ఉన్నది పెద్ద యంత్రమేమీ కాదు. సిఫ్ట్ తయారుచేసిన చిన్న కాగితపు ముక్క. చేప మీద రుద్ది ఒక చుక్క ద్రావణం వేస్తే, రెండు మూడు నిమిషాల్లో రంగు మారితే ఫార్మాలిన్ ఉన్నట్టు. మన మార్కెట్ కమిటీ ఒకటి మిరుగు రోజున ఆ కాగితాలను బహిరంగంగా వాడితే ఎలా ఉంటుందో ఊహించుకోవడం సరదాగా ఉంటుంది.

మరి చెరువు చేప? కాకతీయులు పదమూడో శతాబ్దంలో కట్టిన పాకాల, రామప్ప చెరువుల్లో పెరిగే చేపకు మేత లేదు, ఏరేటర్ లేదు, మందు లేదు. బొచ్చె పైనీళ్లలోని సూక్ష్మజీవులను తింటుంది, రవ్వ మధ్యలో మేస్తుంది, ఎర్రమోసు అడుగున. రొయ్యల చెరువు నత్రజనిని నీళ్లలో కలుపుతుంటే, ఇక్కడ టన్ను చేప పట్టి బయటికి తెస్తే పాతిక కిలోల నత్రజని నీళ్లలోంచి బయటికి వచ్చినట్టు. లెక్కల్లో చూస్తే ఏ ఏఎస్‌సీ చెరువూ దీని దరిదాపుల్లోకి రాదు. దిగుబడి తక్కువన్నది దీనికున్న లోపం. కోళ్లఫారం మురుగో, ఊరి డ్రైనేజీయో కలిసే చెరువైతే ఈ మాటలన్నీ వెనక్కి తీసుకోవాలి. నగరం మధ్యనున్న భద్రకాళి చెరువు పూడిక తీయడానికి 2024 చివర్లో నీళ్లు ఖాళీ చేసినప్పుడు అడుగున బయటపడింది దశాబ్దాల పూడిక మాత్రమే కాదు, నగరం దానిలోకి ఏమేం వదిలిందన్న చిట్టా కూడా.

ఈ చెరువుల మీద వ్యాపారం చేసే 'కంపెనీ' ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల మత్స్య సహకార సంఘం. దానికి సుస్థిరత నివేదిక లేదు, రాయాల్సిన అవసరమూ రాలేదు. 2016-17 నుంచి తెలంగాణ ప్రభుత్వం చేప పిల్లలను నూరు శాతం ఉచితంగా వదులుతోంది. వానాకాలపు చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్లవి, ఏడాదంతా నీళ్లుండే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. సైజులో ఈ తేడా చిన్నదనుకోకూడదు. కొరమీను, వాలుగ తిరిగే పెద్ద చెరువులో చిన్న పిల్లను వదిలితే అది వాటికి మేత వేసినట్టే. చాలా ఏళ్లుగా ఈ పిల్లల్లో ఎక్కువ భాగం వచ్చింది కైకలూరు వైపు నుంచే. అందుకే కట్ట మీద లారీ దిగేటప్పుడు పిల్లల లెక్క మీద, సైజు మీద సంఘం సభ్యులు గొడవ పడుతుంటారు. ఆ గొడవ ఒక ఆడిట్, డబ్బు తీసుకునే తనిఖీదారు లేడు అంతే.

వల పడ్డాక సంఘం బలం అక్కడికే ఆగిపోతుంది. వలకు, తెప్పకు, ఎండాకాలం ఇంటి ఖర్చుకు దళారి ముందే అప్పిచ్చి ఉంటాడు, పట్టుబడి రోజు కట్ట మీద ధర ఆయనే చెబుతాడు. గోదావరి జిల్లాల వలుపు షెడ్డులో మేస్త్రి అడ్వాన్సు చేసే పనే ఇక్కడా జరుగుతుంది, కాకపోతే ఇక్కడ దీని మీద షికాగో నుంచి ఎవరూ నివేదిక రాయరు. ఐసు పెట్టె, తూకం, రెండు వారాల ఖర్చుకు సరిపడా సొంత డబ్బు ఉన్న సంఘం ధర గురించి మాట్లాడగలదు. కిసాన్ క్రెడిట్ కార్డును 2018-19లోనే మత్స్యకారులకూ వర్తింపజేశారు. మన చుట్టుపక్కల సంఘాల్లో అది ఎంతమంది చేతికి వచ్చిందో తెలుసుకోవడానికి ఏ సర్టిఫికెట్ సంస్థా అక్కర్లేదు, సంఘం సర్వసభ్య సమావేశంలో చేతులెత్తమంటే చాలు.